బావగారి కొలతకున్న హంటింగ్ బోని మీ కొలతకి తెచ్చుకోవడం ఎలా

మీరు గుంటూరు నుంచి రాసిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: టెక్సస్‌లో ఉండే మీ బావగారు తను వాడిన హంటింగ్ కాంపౌండ్ బో (రెండు చివర్లా చక్రాలుండే వేట విల్లు) మీకిచ్చి వెళ్ళారు. 60–70 పౌండ్ల లింబ్‌లు (విల్లుకి పైనా కిందా వంగే చేతులు), 29.5 అంగుళాల డ్రా లెంగ్త్ (స్ట్రింగ్‌ని పూర్తిగా లాగే దూరం), దాంతోపాటు ఆరు కార్బన్ బాణాలు. ఆయన ఆరడుగుల పైచిలుకు మనిషి, మీరు 5 అడుగుల 8 అంగుళాలు. పది మీటర్ల దూరంలోనే బాణాలు చెల్లాచెదురుగా పడుతున్నాయి, ఎక్కువ భాగం ఎడమకి. స్ట్రింగ్ ముంజేతికి తగిలి వాతలు తేలుతున్నాయి. గురి చూసే సైట్ తిప్పారు, ఆ తర్వాత బాణం ఆనే రెస్ట్ కదిపారు, కాగితం గుండా బాణం వేసి చిరుగు చూసే పేపర్ ట్యూనింగ్ చేస్తే ఒక్కో బాణానికి కాగితం ఒక్కోలా చిరుగుతోంది. ఇంట్లోనే సరిచేసుకోవచ్చా, విజయవాడ తీసుకెళ్ళాలా, పొలం మీద పడే అడవిపందులకి ఇది పనికొస్తుందా అని అడిగారు.

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం. పంట నష్టం జరుగుతుంటే అటవీ శాఖకి చెప్పాలి తప్ప బాణం ఎక్కుపెట్టకూడదు. బావగారి పెట్టెలో బ్లేడ్లున్న బ్రాడ్‌హెడ్ మొనలు ఉంటే తీసి భద్రంగా దాచేయండి. అవి టార్గెట్ బట్‌ని, అంటే బాణాలు దిగే దిమ్మని, కోసేస్తాయి, పిల్లలు తిరిగే మైదానానికి అవి రాకూడదు. మామూలు ఫీల్డ్ పాయింట్లతో గురి సాధన చేసుకోవడానికి మాత్రం ఈ బో బాగా పనికొస్తుంది. హంటింగ్ బో, టార్గెట్ బో పనిచేసే తీరు ఒక్కటే. హంటింగ్ బో పొట్టిగా ఉంటుంది, రెండు యాక్సిళ్ళ (చివరి చక్రాల ఇరుసుల) మధ్య 30 అంగుళాలు అటూ ఇటూ. పోటీల్లో వాడేవి 36 నుంచి 40 దాకా ఉంటాయి. పొట్టి బో చేతిలో త్వరగా మెలి తిరుగుతుంది కాబట్టి పట్టులో చిన్న తేడా ఉన్నా బాణంలో కనిపిస్తుంది. ట్యూనింగ్ చేసే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

మీ ప్రశ్న చదవగానే నాకు తోచింది ఇది: మీరు చివర చేయాల్సిన పనులు మొదట చేశారు. సైట్, రెస్ట్, పేపర్ అన్నీ ఆఖరి మెట్లు. కాగితం మీద చిరుగు ఫలితాన్ని చూపిస్తుంది, కారణాన్ని చూపించదు. ఒక్కో బాణానికి ఒక్కోలా చిరుగుతోందంటే బో కంటే ముందు మనిషికీ బోకీ పొత్తు కుదరలేదని అర్థం. బో ఎంత బాగా ట్యూన్ అయినా అది ఒక మనిషికి ట్యూన్ అవుతుంది. ఇది ఇప్పటికీ మీ బావగారి బోనే.

అందుకని డ్రా లెంగ్త్ నుంచి మొదలుపెట్టండి. గోడకి వీపు ఆనించి రెండు చేతులూ భుజాల ఎత్తున చాచి, లాగి సాగదీయకుండా సహజంగా నిలబడండి. ఒక మధ్యవేలి చివర నుంచి ఇంకో మధ్యవేలి చివరకి ఎన్ని అంగుళాలో ఎవరితోనైనా కొలిపించి, 2.5తో భాగించండి. చాలామందికి చేతుల చాపు వాళ్ళ ఎత్తుకి దగ్గరగా ఉంటుంది. 68 అంగుళాలు అనుకుంటే 27.2 వస్తుంది. అంటే మీకు 27 లేదా 27.5 కావాలి. మీ చేతిలో ఉన్నది 29.5. రెండంగుళాల తేడా చిన్నది కాదు. డ్రా పొడవుగా ఉన్నప్పుడు మనిషి దాన్ని అందుకోవడానికి తల వెనక్కి వాలుస్తాడు, నడుము వెనక్కి వంచుతాడు, బో పట్టుకున్న మోచేతిని బిగదీసి లాక్ చేస్తాడు. అలా బిగదీసినప్పుడు ముంజేయి స్ట్రింగ్ దారిలోకి వస్తుంది. మీ వాతలకి కారణం అదే అయి ఉండాలి. స్ట్రింగ్ చేతినో చొక్కానో రాసుకున్న ప్రతిసారీ బాణం పక్కకి పోతుంది, ఏ షాట్‌కి ఎంత రాసుకుంటుందో చెప్పలేం. చిరుగులు ఒక్కోలా రావడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇది సైట్ తిప్పితే పోయే సమస్య కాదు.

డ్రా లెంగ్త్ తగ్గించే పద్ధతి మీ బో కామ్‌ని (లింబ్ చివర ఉండే చక్రాన్ని) బట్టి ఉంటుంది. కొన్నింటిలో కామ్ మీద ఉన్న మాడ్యూల్ స్క్రూలు వదులు చేసి, అంకెలున్న రంధ్రాల వెంట తిప్పి బిగిస్తే సరిపోతుంది, అలెన్ కీ చాలు. కొన్నింటిలో మాడ్యూల్‌నే మార్చాలి, ఆ సైజు మాడ్యూల్ కొనాలి. ఇంకొన్నింటిలో కామ్ మొత్తం మార్చాలి, అప్పుడు బో ప్రెస్, అంటే లింబ్‌లని వంచి పట్టి స్ట్రింగ్ వదులు చేసే యంత్రం, తప్పదు. మోడల్ పేరు, ఏ సంవత్సరపుదో లింబ్ మీద స్టిక్కర్ చూసి, ఆ కంపెనీ మాన్యువల్ దించుకోండి. పైన ఒక కామ్, కింద ఒక కామ్ ఉంటే రెండింటి మీదా మాడ్యూల్ ఒకే అంకె దగ్గర ఉండాలి. అలెన్ కీలు అంగుళాల సైజువి కొనండి. మన హార్డ్‌వేర్ షాపుల్లో మామూలుగా దొరికే మిల్లీమీటర్ సెట్ దగ్గరగా సరిపోయినట్టే అనిపిస్తుంది కానీ స్క్రూ తలకాయ అరిగిపోతుంది. ఆ తర్వాత దాన్ని బయటికి తీయడం పెద్ద తలనొప్పి.

డ్రా వెయిట్ (స్ట్రింగ్ లాగడానికి పట్టే బలం) గురించి కాస్త గట్టిగా చెప్పాలి. కుర్చీలో కూర్చుని, బోని ఎదురుగా టార్గెట్ వైపే ఉంచి, పైకి ఎత్తకుండా నేరుగా వెనక్కి లాగగలిగితే ఆ బరువు మీది. ఆకాశం వైపు ఎత్తి, కిందకి దించుతూ లాగాల్సి వస్తే అది మీ బరువు కాదు. అలా లాగేటప్పుడు రిలీజ్ (స్ట్రింగ్‌ని పట్టి వదిలే చేతి పరికరం) పొరపాటున జారితే బాణం ఎక్కడికి పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అందుకే శిక్షణ ఇచ్చేచోట అలా లాగనివ్వరు. అంతర్జాతీయ టార్గెట్ పోటీల్లోనే కాంపౌండ్‌కి 60 పౌండ్లు, అంటే సుమారు 27 కిలోలు, గరిష్ఠ పరిమితి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది ఆ పరిమితికి లోబడిన బోతోనే, 50 మీటర్ల దూరంలో. 70 పౌండ్లు ఉంటేనే బాణం సూటిగా పోతుందన్నది వట్టి మాట. మీరు 45 నుంచి 50 పౌండ్లతో మొదలుపెట్టాలి. 60–70 లింబ్‌లని 60 కంటే బాగా కిందకి దించలేరు కాబట్టి, 60 కూడా కూర్చుని లాగలేకపోతే తక్కువ బరువు లింబ్‌లు తెప్పించుకోవడమో, ఈ బోని పక్కన పెట్టి కొన్ని నెలలు తేలికైన బోతో సాధన చేయడమో చేయాలి. రెండోదే మంచిదని నా అభిప్రాయం. భుజం కీలు ఒకసారి దెబ్బతింటే దాన్ని మళ్ళీ ట్యూన్ చేయలేం.

బరువు తగ్గించడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందు పై లింబ్ బోల్ట్, కింది లింబ్ బోల్ట్ రెండింటినీ పూర్తిగా బిగించండి. తర్వాత రెండింటినీ సమానంగా, అర చుట్టు పైన, అర చుట్టు కింద, అలా మార్చి మార్చి వదులు చేయండి. చాలా బోల్లో ఒక్కో చుట్టుకి రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది. ఎన్ని చుట్ల దాకా వదులు చేయొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని దాటకండి. దాటితే బోల్ట్ మర ఊడి లింబ్ ఎగిరే ప్రమాదం ఉంది. లింబ్ బోల్ట్‌ని పట్టి ఉంచే లాక్ స్క్రూలు ఉంటే వాటిని ముందే వదులు చేయాలి. బరువు కొలవడానికి ప్రత్యేకమైన స్కేల్ అక్కర్లేదు, విమానం లగేజీ తూచే డిజిటల్ తూకం డి-లూప్‌కి (రిలీజ్ తగిలించడానికి స్ట్రింగ్‌కి కట్టిన ఉచ్చుకి) తగిలించి లాగితే పనైపోతుంది. అది కిలోల్లో చూపిస్తుంది, 2.2తో గుణించుకోండి. లాగుతున్నప్పుడు వచ్చే అత్యధిక అంకె లెక్క. తర్వాత అది బాగా పడిపోతుంది, అదే లెట్-ఆఫ్. 60 పౌండ్ల బోలో 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే పూర్తిగా లాగాక చేతిలో 12 పౌండ్లే మిగులుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బాణం లేకుండా స్ట్రింగ్ వదలకండి, ఒక్కసారి కూడా వద్దు. బాణానికి పోవాల్సిన శక్తంతా లింబ్‌ల్లోకి, కామ్‌ల్లోకి తిరిగి కొడుతుంది. లింబ్ చీలొచ్చు, స్ట్రింగ్ కామ్ మీద నుంచి పడిపోవచ్చు. చూడటానికి వచ్చిన బంధువులు ‘ఒకసారి లాగి చూస్తా’ అంటారు. ఇవ్వకండి. మరీ తేలికైన బాణం కూడా కొంతవరకు అదే పని చేస్తుంది. డ్రా వెయిట్‌లో ప్రతి పౌండ్‌కి కనీసం 5 గ్రెయిన్ల బరువున్న బాణం ఉండాలన్నది కంపెనీలు పెట్టే షరతు. 60 పౌండ్లకి 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాములు. మొనతో సహా తూచండి.

డ్రా లెంగ్త్, బరువు కుదిరాక బో ఆరోగ్యం చూడాలి. ఇది విజయవాడలో చేయాల్సిన పని. మాన్యువల్‌లో రెండు కొలతలు రాసి ఉంటాయి: యాక్సిల్ నుంచి యాక్సిల్‌కి దూరం, గ్రిప్ లోతైన చోటు నుంచి స్ట్రింగ్‌కి దూరం. రెండోదాన్ని బ్రేస్ హైట్ అంటారు. లింబ్ బోల్ట్‌లు పూర్తిగా బిగించి ఉన్నప్పుడే ఈ రెండూ కొలవాలి. కంపెనీ చెప్పిన కొలతకి ఎనిమిదో వంతు అంగుళం అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. అంతకంటే తేడా ఉంటే స్ట్రింగో కేబుళ్ళో (కామ్‌లకి కట్టిన మిగతా తాళ్ళు) సాగాయి. స్ట్రింగ్ సాగితే డ్రా పొడవు పెరుగుతుంది. కేబుళ్ళు సాగితే యాక్సిళ్ళ దూరం పెరిగి, డ్రా వెయిట్ పడిపోతుంది. పాత బోకి ఇది మామూలే. అమెరికాలో ఏళ్ళ తరబడి గరాజ్‌లో ఉన్న బో అయితే నేనైతే కొలతల జోలికి పోకుండా ముందు స్ట్రింగ్, కేబుళ్ళు కొత్తవి వేయిస్తాను. పోగులు తెగి నూగులా లేచినా, కామ్ చుట్టూ తిరిగే చోట సర్వింగ్ దారం (రాపిడి తగలకుండా పైన చుట్టిన దారం) విడిపోయినా ఇంకో ఆలోచన వద్దు.

తర్వాత కామ్ టైమింగ్. రెండు కామ్‌ల బోలో రెండూ ఒకే క్షణంలో ఆగాలి. డ్రా చివర పై కామ్ స్టాప్ కేబుల్‌ని తాకేసరికి కింది కామ్ స్టాప్‌కీ కేబుల్‌కీ మధ్య కాగితం దూరేంత సందు ఉన్నా, బాణం వదిలినప్పుడు నాక్ (స్ట్రింగ్‌కి తగిలించే బాణం తోక గాడి) సూటిగా ముందుకు రాదు, పైకో కిందకో ఊగుతూ వస్తుంది. మీరు డి-లూప్ ఎంత జరిపినా పోని పై చిరుగు, కింది చిరుగు (కాగితాన్ని బాణం తోక మొనకి పైనో కిందో చీల్చడం) చాలాసార్లు దీనివల్లే. లాగి పట్టుకున్నప్పుడు వెనక గోడ తగిలినట్టు గట్టిగా కాకుండా మెత్తగా, రెండు దశల్లో ఆగినట్టు ఉంటే టైమింగ్ తప్పిందని అనుమానించండి. లాగినవాళ్ళకి అది కనిపించదు, పక్కన ఇంకొకరు నిలబడి చూడాలి. డ్రా బోర్డ్ అనే చెక్క చట్రం మీద చిన్న వించ్‌తో నెమ్మదిగా లాగి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సరిచేయడం అంటే కేబుల్‌కి పురి ఎక్కించడం లేదా విప్పడం. పురి ఎక్కితే కేబుల్ పొట్టిదవుతుంది. అర పురి చొప్పున వేసి, ప్రతిసారీ మళ్ళీ లాగి చూడాలి. ఒకే కామ్ ఉన్న బో అయితే రెండింటిని జత కలిపే పని లేదు, కానీ కామ్ మీద గీసిన గుర్తులు కేబుల్‌కి సరైన చోట ఉన్నాయో లేదో చూడాలి.

పురి వేయాలంటే బోని ప్రెస్‌లో పెట్టి లింబ్‌ల ఒత్తిడి తీసేయాలి. ఇప్పటి హంటింగ్ బోల లింబ్‌లు దాదాపు సమాంతరంగా ఉంటాయి. వాటిని లింబ్ చివర్లలో పట్టుకునే ప్రెస్‌లోనే పెట్టాలి. పాత రకం ప్రెస్ లింబ్ మధ్యలో ఒత్తితే లింబ్ విరుగుతుంది. కారు జాకీతో, తాళ్ళతో, ఇనుప పైపుతో ఇంట్లో ప్రెస్ చేసే వీడియోలు చూసి మీరు ప్రయత్నించకండి. ఆ లింబ్‌లు దాచుకున్న శక్తి జారితే వేళ్ళు, కళ్ళు పోతాయి. విజయవాడలో విలువిద్య చాలా ఏళ్ళుగా వేళ్ళూనుకుంది. విలుకాడు, కోచ్ చెరుకూరి లెనిన్ పేరు తెలియని ఆర్చర్ ఇక్కడ ఉండడు, ఓల్గా ఆర్చరీ అకాడమీ నుంచి ఎందరో జాతీయ జట్టు దాకా వెళ్ళారు. కాంపౌండ్ నేర్పే అకాడమీల్లో మామూలుగా ప్రెస్, ఆ పని తెలిసిన కోచ్ ఉంటారు. ముందు ఫోన్ చేసి, పోటీలు లేని వారం చూసుకుని, ఉదయం సాధన అయిపోయాక వెళ్ళండి. పిల్లల సాధన మధ్యలో వెళ్ళి అడగడం మర్యాద కాదు. ‘హంటింగ్ బో, టార్గెట్ ప్రాక్టీస్ కోసం’ అని ముందే చెప్పండి.

ప్రెస్‌లో ఉన్నప్పుడే అడగాల్సింది ఇంకొకటి ఉంది, కామ్ వాలు. పై కామ్‌కి స్ట్రింగ్ వెంట వంకర లేని బాణం ఒకటి ఆనించి చూస్తే, ఆ బాణం స్ట్రింగ్‌కి సమాంతరంగా పోతుందా, అడ్డంగా దాటిపోతుందా అన్నది కనబడుతుంది. కేబుల్ చివర రెండు పాయలుగా చీలి యాక్సిల్ రెండు వైపులా తగిలే రకం బో అయితే ఆ పాయల్లో ఒకదానికి పురి ఎక్కించి, ఇంకోదానికి విప్పి కామ్‌ని నిలబెట్టొచ్చు. ఎడమ చిరుగు ఎంతకీ పోకపోతే ఎడమ పాయకి పురి ఎక్కిస్తారు. అలా పాయలు లేని బోలో షిమ్‌లు, అంటే యాక్సిల్ మీద పలచటి రింగులు, అటూ ఇటూ మారుస్తారు.

ఇప్పుడు రెస్ట్, నాకింగ్ పాయింట్ (స్ట్రింగ్ మీద నాక్ తగిలించే చోటు). మీరు రెస్ట్‌ని ఎంత కదిపారో గుర్తుండదు కాబట్టి మొదటి నుంచి పెట్టుకోండి. బోని నిటారుగా నిలబెట్టండి. రెస్ట్ బిగించే రంధ్రం మధ్య గుండా బాణం పోవాలి, స్ట్రింగ్‌తో 90 డిగ్రీలు లేదా నాక్ వైపు ఒక వెంట్రుక ఎత్తు. దీనికి టి ఆకారంలో ఉండే బో స్క్వేర్ దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. అడ్డంగా అయితే చాలా బోల్లో రైజర్ (గ్రిప్ ఉండే మధ్య భాగం) నుంచి బాణం మధ్యకి 13/16 అంగుళం, అంటే 20 మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ, అక్కడి నుంచి మొదలుపెడతారు. డి-లూప్ ముడుల మధ్య నాక్ మరీ బిగుతుగా ఇరుక్కోకూడదు. పూర్తిగా లాగినప్పుడు స్ట్రింగ్ కోణం మారి ముడులు నాక్‌ని నొక్కుతాయి. పొట్టి హంటింగ్ బోలో ఈ నొక్కుడు ఎక్కువ. నాక్ స్ట్రింగ్‌కి ఎంత పట్టు ఉండాలంటే, బాణాన్ని స్ట్రింగ్‌కి తగిలించి కిందకి వేలాడదీస్తే పడకూడదు, స్ట్రింగ్ మీద వేలితో కొడితే ఊడిపోవాలి.

లాగినప్పుడు లేచి, బాణం బయల్దేరాక కిందకి పడిపోయే డ్రాప్-అవే రెస్ట్ మీ బోకి ఉంటే, దాని తాడు మీ బావగారి డ్రాకి కట్టి ఉంటుంది. డ్రా రెండంగుళాలు తగ్గించాక అది పూర్తిగా లేవకపోవచ్చు. చివరి అంగుళం లోపు రెస్ట్ పూర్తిగా నిలబడేలా తాడు మళ్ళీ సర్దాలి. కామ్ టైమింగ్ సరిచేసిన ప్రతిసారీ దీన్ని కూడా చూడండి. ఇది మరిచిపోయి రోజంతా పేపర్ ముందు తల పట్టుకునేవాళ్ళు చాలామంది.

బాణాల సంగతికి వస్తే, మీ పెట్టెలో ఉన్నవాటి మీద 340 అనో 400 అనో అంకె ఉంటుంది. అది బాణం వంగే గుణం, స్పైన్. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద బాణం పెట్టి మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే అంగుళంలో వెయ్యో వంతులు ఎన్ని వంగిందో ఆ అంకె చెబుతుంది. అంకె తక్కువైతే బాణం గట్టిది. 70 పౌండ్లకి, 29.5 డ్రాకి ఎంచిన 340 బాణం మీ 27.5 డ్రాకి, 50 పౌండ్లకి బాగా గట్టిదవుతుంది. మీకు 500 దరిదాపుల్లో కావాలి, 60 పౌండ్లు లాగగలిగితే 400. రిలీజ్‌తో వేసే కాంపౌండ్‌లో కాస్త గట్టి బాణంతో నెట్టుకు రావచ్చు, మెత్తని బాణంతో మాత్రం కష్టం. అది ప్రమాదం కూడా. అందుకే అనుమానం ఉంటే గట్టి వైపే వెళ్ళండి. మొన బరువు 100 నుంచి 125 గ్రెయిన్లకి పెంచితే బాణం కొంచెం మెత్తగా నడుస్తుంది, బాణాన్ని కోసి పొట్టి చేస్తే గట్టిపడుతుంది. కొత్తవి కొనేటప్పుడు ఆరూ ఒకే స్పైన్, ఒకే పొడవు, ఒకే బరువు ఉండేలా చూడండి. ఉన్న ఆరింటినీ వాడే ముందు ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని రెండు చివర్లూ పట్టి మెల్లగా వంచండి. చిటపట చప్పుడు వచ్చినా, గోరు తగిలే పగులు కనిపించినా విరిచి పారేయండి. పగిలిన కార్బన్ బాణం వదిలే క్షణంలో ముక్కలై బో పట్టుకున్న చేతిలో దిగుతుంది. సాధన చేసే ప్రతి రోజూ చేయాల్సిన పరీక్ష ఇది.

ఇవన్నీ అయ్యాక పేపర్ దగ్గరికి రండి. చెక్క ఫ్రేమ్‌కి న్యూస్ పేపర్ బిగుతుగా అతికించి, బో నుంచి రెండు మీటర్లలోపు ఉంచండి, దాని వెనక రెండు మీటర్ల దూరంలో బట్. కాగితం భుజం ఎత్తులో ఉండాలి, బాణం నేలకి సమాంతరంగా పోవాలి. చిరుగులో గుండ్రటి రంధ్రం మొనది, రెక్కల గాట్లు తోకవి. మొన పడ్డ రంధ్రం చుట్టూనే రెక్కల గాట్లు పడితే సరే. తోక పైన చిరిగితే నాకింగ్ పాయింట్ దించండి, లేదా రెస్ట్ పెంచండి. తోక కింద చిరిగితే దానికి తిరగేసి. ఎప్పుడూ నిలువు చిరుగునే ముందు తీర్చాలి, తర్వాతే పక్క చిరుగు. ఒకసారికి ఒక్క మార్పే, అదీ ఒక మిల్లీమీటర్‌కి మించకుండా, ప్రతి మార్పు తర్వాత కనీసం మూడు బాణాలు. మూడూ ఒకేలా చిరిగితేనే ఆ చిరుగు బో గురించి చెబుతోంది. మూడూ మూడు రకాలైతే అది మీ పట్టు గురించి చెబుతోంది, అప్పుడు బోని ముట్టుకోవద్దు.

పక్క చిరుగుకి ముందు పట్టు చూడాలి అనడానికి కారణం ఉంది. బోని పిడికిలితో బిగించి పట్టుకుంటే బో మణికట్టుతో పాటు తిరుగుతుంది. గ్రిప్ మీ బొటనవేలి కింద కండ మీద, అరచేతి జీవరేఖకి బొటనవేలి వైపునే ఆనాలి. మిగతా వేళ్ళు వదులుగా, పిడికిలి కణుపులు 45 డిగ్రీల వాలులో. బో పడిపోతుందని భయంగా ఉంటే మణికట్టుకి ఒక స్లింగ్ కట్టుకోండి. ఇది కుదిరాక కూడా మూడు బాణాలూ ఒకే పక్కకి చిరిగితే, రెక్కలు ఎక్కడైనా తగులుతున్నాయేమో చూడండి. రెస్ట్ మీద, కేబుల్ మీద టాల్కం పౌడర్ చల్లి ఒక బాణం వేస్తే తగిలిన చోట గీత పడుతుంది. నాక్‌ని కాస్త తిప్పి రెక్కల దిశ మారిస్తే చాలాసార్లు అక్కడితో తీరుతుంది. అప్పటికీ పోకపోతే రెస్ట్‌ని ఒక పక్కకి అర మిల్లీమీటర్ జరిపి చూడండి. చిరుగు తగ్గితే అదే దారి, పెరిగితే వెనక్కి రండి. రెస్ట్ మొదట పెట్టిన చోటు నుంచి మూడు మిల్లీమీటర్లు దాటి పోతోందంటే రోగం ఇంకెక్కడో ఉంది, కామ్ వాలు, డ్రా లెంగ్త్ మళ్ళీ చూడాలి.

పేపర్ మీద చక్కటి రంధ్రం వచ్చిందని అక్కడితో ఆపేసేవాళ్ళు ఎక్కువ. నేను పేపర్ కంటే బేర్ షాఫ్ట్‌నే నమ్ముతాను. రెక్కల్లేని బాణం ఒకటి, రెక్కలున్నవి మూడు, 18–20 మీటర్ల నుంచి ఒకే చుక్కకి వేయండి. రెక్కలు తప్పుల్ని కప్పేస్తాయి, రెక్కల్లేని బాణం కప్పదు. అది మిగతావాటికి పైన పడితే నాకింగ్ పాయింట్ కొంచెం పెంచాలి, కింద పడితే దించాలి. నాలుగూ ఒక అరచేతి వెడల్పులో పడుతుంటే మీ స్థాయికి అది చాలా మంచి ట్యూన్. ఇది చేయడానికి ముందు మీ గుంపు స్థిరపడాలి. రెక్కలున్న మూడే ఒక పళ్ళెం అంత విస్తీర్ణంలో పడుతున్నప్పుడు బేర్ షాఫ్ట్ ఏమీ చెప్పదు. అందుకని పేపర్ అయ్యాక రెండు మూడు వారాలు సాధన చేసి, అప్పుడు దీనికి రండి.

ఆ తర్వాత వాక్-బ్యాక్. బట్ మీద నిలువుగా ఒక టేప్ అతికించండి, బరువు కట్టి వేలాడదీసిన దారం పక్కన పెట్టి అతికిస్తే నిటారుగా వస్తుంది. 20 మీటర్ల పిన్‌తోనే (సైట్‌లో ఆ దూరానికి పెట్టిన గురి చుక్కతోనే) టేప్ పై చివర గురిపెట్టి 20, 25, 30, 35 మీటర్ల నుంచి ఒక్కో బాణం వేయండి. దూరం పెరిగేకొద్దీ బాణాలు కిందకి దిగుతాయి, అది సహజం. టేప్ వెంటే దిగితే రెస్ట్ సరిగ్గా ఉంది. దూరం పెరిగేకొద్దీ ఎడమకి జరుగుతూ పోతే రెస్ట్‌ని కుడికి వెంట్రుకవాసి జరపండి, కుడికి పోతే ఎడమకి. గాలి లేని పూట చేయండి. మన దగ్గర తెల్లవారుజామున గాలి దాదాపు ఉండదు, ఎండెక్కితే మొదలవుతుంది.

సైట్ అన్నిటికంటే చివర. బాణం ఎటు పడితే పిన్ అటే జరపాలి, ఎడమకి పడితే పిన్ ఎడమకి, కింద పడితే కిందకి. బోకి రాసి ఉన్న సెకనుకి 340 అడుగుల లాంటి వేగాన్ని బట్టి ఇంటర్నెట్‌లో సైట్ టేప్ (సైట్‌కి అతికించే దూరాల పట్టీ) ప్రింట్ తీసుకోకండి. ఆ వేగం 70 పౌండ్లు, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల బాణంతో కొలిచింది. మీ డ్రాకి, మీ బరువుకి అది చాలా తక్కువ ఉంటుంది. పీప్ సైట్ (స్ట్రింగ్‌లో కట్టే, కన్నుపెట్టి చూసే చిన్న రింగు) కూడా మీ కంటికి మళ్ళీ కట్టించుకోవాలి. కళ్ళు మూసుకుని పూర్తిగా లాగి, తల సహజంగా ఆనించి కళ్ళు తెరిస్తే పీప్ నేరుగా కంటి ముందు ఉండాలి. తల వంచి వెతుక్కుంటే ఎత్తు తప్పు. ఇది కూడా ప్రెస్ పనే, అదే రోజు చేయించుకోండి.

మన వాతావరణం గురించి అమెరికా వీడియోల్లో ఉండదు. ఎండాకాలంలో బోని కారులో వదలకండి, డిక్కీలో అసలే వద్దు. అద్దాలు మూసిన కారులో వేడికి లింబ్ పొరలు విడిపోవచ్చు, స్ట్రింగ్ సాగుతుంది, పీప్ తిరుగుతుంది, నిన్నటి ట్యూన్ ఇవాళ ఉండదు. గుంటూరు నుంచి వారధి దాటి వచ్చే ఆ గంట ప్రయాణంలో కూడా ఏసీ ఉన్న వైపు, సీటు మీద పెట్టుకోండి. స్ట్రింగ్‌కి సర్వింగ్ లేని చోట రెండు వారాలకోసారి బో మైనం రాసి, వేళ్ళతో రుద్ది లోపలికి ఇంకనివ్వండి. వానాకాలంలో ఇంకా తరచుగా. కొత్త స్ట్రింగ్ వేయించాక మొదటి వంద రెండొందల బాణాల్లో అది కాస్త సర్దుకుంటుంది, ఆ తర్వాత టైమింగ్ ఇంకోసారి చూపించుకోండి. తుది ట్యూన్ అప్పటిదాకా ఆపండి. కుదిరిన రోజున కామ్ మాడ్యూల్ అంకె, లింబ్ బోల్ట్ చుట్లు, యాక్సిల్ దూరం, బ్రేస్ హైట్, డి-లూప్ ఎత్తు, రెస్ట్ దూరం అన్నీ ఒక పుస్తకంలో రాసుకుని, కేబుళ్ళ మీద కామ్ తాకే చోట పెయింట్ మార్కర్‌తో చుక్క పెట్టండి. ఆ చుక్క జరిగితే కేబుల్ సాగిందని చూడగానే తెలుస్తుంది.

ఇంకొక్కటి, ఎక్కడ వేస్తున్నారో రాయలేదు. ఇంటి డాబా మీద, ఖాళీ ప్లాటులో వేయొద్దు. బట్ తప్పిన బాణం వందల మీటర్లు పోతుంది. అకాడమీకి వచ్చేటప్పుడు బో, బాణాలు, రిలీజ్, మాన్యువల్ ప్రింట్, మీ చేతుల చాపు కొలత తెచ్చుకోండి. బో మోడల్ పేరు, కామ్‌లు ఒకటా రెండా, లింబ్ స్టిక్కర్ మీద ఉన్న అంకెలు ఇక్కడ రాయండి. మాడ్యూల్ తిప్పితే సరిపోతుందా, కొత్తది కొనాలా అన్నది బయల్దేరే ముందే చెప్పగలను.